మూడు గదుల గుండె

"మనిషి ఒంట్లో ఎముకలెన్ని?" పుస్తకంలో చూసి అడిగాడు నాన్న.

"రెండు వందల ఏడు," ఠకీమని చెప్పింది గిలక.

టక్! తాతయ్య చేతికర్ర నేలమీద పడింది. ఒక దెబ్బంటే తప్పు. రెండు దెబ్బలంటే ఒప్పు. ఆ గదిలో రెండు దెబ్బలు వినబడి చాలా వారాలైంది.

"ఆ ఎక్కువ ఎముకేదో మీ నాన్న బుర్రలో ఉందేమో చూడవే," వంటింట్లోంచి అంది నానమ్మ.

నాన్న పళ్లు నూరాడు. గిలక పకపకా నవ్వింది.

ఊహ తెలిసిన దగ్గర్నుంచి గలగలా వాగుతూనే ఉంటుందని ఆ ముద్దుపేరు పెట్టింది తాతయ్యే. ఆయన ముప్పై ఆరేళ్లు పిల్లలకు జీవశాస్త్రం చెప్పిన మాస్టారు. మనవరాలిని డాక్టరుగా చూడాలని ఆయనకు ఒకటే పట్టు. మెడికల్ ఎంట్రన్స్‌కి రెండేళ్లపాటు పక్కన కూర్చోబెట్టుకుని ఆయనే చదివించారు. తీరా పరీక్ష వారం రోజులుందనగా పక్షవాతం వచ్చి, కుడి చెయ్యీ మాటా రెండూ పడిపోయాయి. నెలన్నరపాటు ఇల్లంతా ఆస్పత్రి చుట్టూనే తిరిగింది. పరీక్ష ఊసు ఆయన దగ్గర ఎవరూ ఎత్తలేదు.

ఇంటికి తెచ్చాక ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆస్పత్రివాళ్లు చెప్పినట్టు రోజూ 'అ, ఆ, ఇ, ఈ' పలకమంటే నోరు బిగించేసేవారు. అంత పెద్ద మాస్టారు చంటిపిల్లాడిలా ఓనమాలు దిద్దాలా? చచ్చినా దిద్దరు. నెలలు గడిచిపోతున్నాయి. నానమ్మ బతిమాలింది, ఏడ్చింది, చివరికి అలిగింది. గోడే గెలిచింది.

ఒక ఆదివారం హాస్టల్ నుంచి వచ్చిన గిలక, అట్టలు ఊడిన పాత పుస్తకం తెచ్చి ఆయన పక్కన పడేసింది.

"తాతయ్యా! పరీక్ష మళ్లీ రాబోతోంది. నువ్విలా పడుకుంటే ఎలా?"

ఆయన మెల్లగా ఇటు తిరిగారు. ఎడమ చేత్తో కర్ర అందుకున్నారు.

అప్పట్నుంచి ఆదివారం వస్తే ఆ ఇంట్లో తిరనాళ్లే. నాన్న ప్రశ్న అడగడం, గిలక నోటికొచ్చింది చెప్పడం, తాతయ్య కర్ర మోగించడం. కాలేయం ఎక్కడుంటుందంటే నాన్న భుజం తట్టి చూపించింది. ఊపిరితిత్తులు మూత్రాన్ని వడగడతాయంది. ఆ రోజు కర్ర ఎంత విసురుగా లేచిందంటే, పక్కనున్న టీ కప్పు కాస్తా ముక్కలైంది. వంటింట్లో నానమ్మ పైటకొంగు నోట్లో కుక్కుకుంది.

మూడో నెలలో కర్ర చాల్లేదు. మెదడు చిన్నపేగులో ఒక భాగమని గిలక అన్నప్పుడు, ఆయన మెడ నరాలు ఉబ్బాయి. పెదవులు వంకర్లు పోయాయి.

"కా... కా... కాదు!"

పక్షవాతం వచ్చాక ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. పై వారం "తప్పు" వచ్చింది. ఆపై వారం "మొద్దు" వచ్చింది. ఆ మాటకి గిలక గదంతా ఎగిరి గంతులేసింది.

"నన్ను మొద్దన్నాడు! విన్నావా నాన్నా? స్పష్టంగా మొద్దన్నాడు!"

ఇవాళ ఎముకల తర్వాత నాన్న పేజీ తిప్పాడు.

"ఇదైనా సరిగ్గా చెప్పి చావు. గుండెకు గదులెన్ని?"

గిలక కళ్లు మూసుకుంది. వేళ్లు లెక్కపెట్టుకుంది. చాలాసేపు ఆలోచించింది.

"మూడు."

కర్ర లేచింది. గాల్లోనే ఆగింది. తాతయ్య ముఖం ఎర్రబడింది. గడ్డం వణికింది.

"మూడు... కప్పకే... మొద్దూ! మనిషికి నాలుగు!"

నాన్న చేతిలో పుస్తకం జారిపోయింది. నానమ్మ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఏమన్నారు? మళ్లీ అనండి!"

"నాలుగు!" కసిరారు తాతయ్య.

"నలభై ఏళ్లుగా నన్ను కసరొద్దని చెబుతూ వచ్చాను. ఇవాళ నన్నూ ఒక్క మాట తిట్టండి, మీకు పుణ్యముంటుంది."

ఆయన ఆవిడని ఎగాదిగా చూశారు. పక్కనున్న టీ కప్పు వైపు చూశారు.

"టీ... చల్లారింది. ఎప్పుడూ... ఇంతే."

నానమ్మ అక్కడే కూలబడి ఏడుస్తూ నవ్వింది. నాన్న వాళ్లిద్దర్నీ ఒకేసారి వాటేసుకోబోయి, కుర్చీ తట్టుకుని మంచమ్మీద పడ్డాడు. గిలక గరిటె లాక్కుని బకెట్ మీద వాయించింది. ఏం గొడవో చూద్దామని పక్కింటివాళ్లు కిటికీ తెరిచారు. వాళ్లని చూసి తాతయ్య, "నాలుగు!" అని వేళ్లు చూపించారు.

సందడి సద్దుమణిగాక ఆయన గిలకను దగ్గరికి రమ్మన్నారు. ముఖంలో దిగులు.

"ఇలా... అయితే... సీటు రాదు... తల్లీ."

"నువ్వుండగా నాకు రాకపోవడమేంటి తాతయ్యా?"

"వచ్చే వారం... కిడ్నీలు. బాగా... చదువు."

"ఒట్టు. కష్టపడి చదువుకొస్తా."

ఆయన బుగ్గమీద ముద్దుపెట్టి, సంచి భుజాన తగిలించుకుని, వీధి చివర సిటీ బస్సు పట్టుకుంది. కిటికీ పక్కన సీటు దొరికింది. నవ్వు ఇంకా ఆగడం లేదు.

సంచిలోంచి తన మెడికల్ కాలేజీ మొదటి సంవత్సరం అనాటమీ రికార్డు తీసి, చివరి పేజీలో 'కిడ్నీలు' అని రాసి, దాని కింద వచ్చే ఆదివారం తాతయ్యకు చెప్పాల్సిన తప్పులు ఒక్కొక్కటే రాసుకోసాగింది.