పాస్టర్‌తో ఇంటర్వ్యూ

మిస్టర్ గేల్ కాళ్ళకి సాక్సు తొడుగుతూ కూనిరాగం తీసింది జెస్లిన్.

మంచం మీద కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

"ఆ పాట నీకెక్కడిది?"

"పాత రెగే పాట అంకుల్. మీది జమైకాయే కదా, వినలేదా?"

"విన్నట్టే ఉంది. కాసేపు కూర్చో, చెప్తాను."

"రేపు కూర్చుంటా అంకుల్. ఇవాళ డ్యూటీ రోటా టైట్‌గా ఉంది."

జెస్లిన్ లండన్‌లోని హౌన్స్‌లో పేటలో ఇల్లిల్లూ తిరిగే కేరర్. ఒక్కో ఇంటికి పావుగంట. అందులోనే చేతులూ మొహం కడగాలి, మందులివ్వాలి, పారిడ్జ్ జావ తినిపించాలి. కూర్చోమనని ముసలివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. అందరి దగ్గరా కూర్చుంటే ఉద్యోగం ఊడుతుంది.

సెలవు రోజున మాత్రం రికార్డర్ పట్టుకుని లండనంతా తిరిగేది. రెగే వాయించిన పాతతరం ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. మిగిలినవాళ్ళ మాటలు రికార్డు చేసి నెట్‌లో పెట్టడం ఆమె పిచ్చి. రేపల్లె చర్చిలో పాడుకున్న దావీదు కీర్తనలే ఇక్కడ రెగే పాటల్లో వేరే తాళంలో వినబడేసరికి ఆ మోజులో పడిపోయింది పాపం.

"సండే బట్టలుతుక్కోమంటే ఓపిక లేదంటవ్. గా ముసలోళ్ళ కోసం మూడు బస్సులు మారతవ్," అనేది రూమ్మేట్ ప్రవల్లిక.

"పేపరోళ్ళనే గుమ్మం ఎక్కనివ్వరంట వాళ్ళు! నాకు మాత్రం టీ ఇచ్చి మరీ చెప్తన్నారు," అనేది జెస్లిన్.

మొదట్లో ఆమెనూ ఎవరూ ఎక్కనివ్వలేదు. ఈమధ్యే తలుపులు తెరుచుకున్నాయి. ఆ మాత్రం గర్వంలో తప్పేం లేదు, కష్టపడింది మరి.

ఒక్క కొరత మిగిలింది. ఆ కూనిరాగం పాటకి బేస్ గిటార్ వాయించినాయన దొరకలేదు. రికార్డు అట్ట మీద 'పాస్టర్' అని మాత్రం ఉంది. ఆ సంగీతం వాళ్ళకి అసలు పేర్లు కన్నతల్లులకే తెలుసు, లోకానికి ముద్దుపేర్లే.

అమ్మ చనిపోయిన ఏడాది వీసా చిక్కుల్లో ఇంటికి వెళ్ళలేకపోయింది జెస్లిన్. ఆ పాట వింటూనే బతికింది. ఒక్కసారి ఆయన చేతులు పట్టుకుని థాంక్స్ చెప్పాలి. అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

ఎవరిని అడిగినా నవ్వేవారు. "దొరుకుతాడులే."

మిస్టర్ గేల్ కూడా తరచూ అడిగేవాడు.

"ఈసారి ఎవరి దగ్గరికి?"

"బ్రిక్స్‌టన్‌లో డ్రమ్మర్ ఒకాయన. బాగా మొండివాడట అంకుల్."

"ఏం ఫరవాలేదు, వెళ్ళు. వచ్చాక కూర్చుని చెప్పు."

"తప్పకుండా!"

ఆ మొండి డ్రమ్మర్ అన్నం కూడా పెట్టి, సాయంత్రం దాకా మాట్లాడాడు. ఆ సంగతి మిస్టర్ గేల్‌కి చెప్పడానికి ఆమెకి తీరిక దొరకలేదు.

నవంబరులో ఒక పొద్దున ఆఫీసు నుంచి ఫోను.

"మిస్టర్ గేల్ ఇంటికి వెళ్ళక్కర్లేదు. నిన్న పోయారు. ఆ టైముకి ఇంకో క్లయింట్‌ని ఇస్తాం."

బస్టాపులో కాసేపు ఏడ్చింది జెస్లిన్. తర్వాత ఆ ఇంకో ఇంటికి వెళ్ళింది.

కొన్నాళ్ళకి డ్రమ్మర్ ఫోన్ చేశాడు.

"పాస్టర్‌ని చూడాలన్నావు కదా. శుక్రవారం చర్చికి రా."

రికార్డర్‌లో కొత్త బ్యాటరీలు వేసుకుని మరీ వెళ్ళింది. ఆమె ఇంటర్వ్యూ చేసిన పెద్దవాళ్ళందరూ నల్ల సూట్లలో బెంచీల మీద ఉన్నారు. డ్రమ్మర్ ఆమెని ముందుకి తీసుకెళ్ళాడు.

మూత తెరిచిన శవపేటికలో మిస్టర్ గేల్ ఉన్నాడు.

జెస్లిన్ పేటిక అంచు పట్టుకుంది. గుండెల మీద మడిచి పెట్టిన ఆ చేతులు రోజూ పొద్దున్నే తను కడిగినవే.

"అంకుల్ నాకెందుకు చెప్పలేదు? మీరైనా చెప్పొచ్చు కదా!"

డ్రమ్మర్ కళ్ళు తుడుచుకున్నాడు.

"మా తలుపులన్నీ ఎవరు తీయించారనుకున్నావు తల్లీ? 'మా అమ్మాయి వస్తోంది, ఏదీ దాచకుండా చెప్పండి' అని నీకన్నా ముందే ఫోన్ చేసేవాడు; 'నా సంగతి మాత్రం ఎత్తకండి, తను నా దగ్గర తీరిగ్గా కూర్చున్న రోజు నేనే చెప్పుకుంటా' అనేవాడు."