ఒక సైజు పెద్దది

"అవ్వా, ఉకులేలే గూడ పెద్దదే కొంటవా? బూట్లల్ల నేనింకా దూది కుక్కుకుంటున్న," అని రాయచూరులో తీగల వాద్యాలమ్మే దుకాణంలో నా మనవరాలు వర్షిణి వెక్కిరించింది. ఎదిగే పిల్లకు ఏది కొన్నా ఒక సైజు పెద్దదే కొంటాను నేను.

దుకాణదారు కూడా నా పక్షమే. "ఈ సొప్రానో ఉకులేలే అన్నిట్ల చిన్నది, అమ్మా. పిల్ల పెరుగుతది. పెద్దది తీసుకోరి."

వర్షిణి సొప్రానోను గుండెకు ఆనించుకుని మీటింది. తీగలన్నీ వేళ్లకు చక్కగా అందాయి.

"చిన్నదే ఇయ్యప్పా. దాంట్ల అన్నిటికన్నా మంచిది ఇయ్యి," అన్నాను.

వర్షిణి నమ్మలేనట్టు చూసింది. "నిజంగనా? మరి నేను పెద్దగైతే?"

వచ్చే ఎండాకాలానికి ఈ పిల్ల మాకు దక్కదని పొద్దున ఆస్పత్రిలో డాక్టరు నాతో చెప్పాడు.

"పెద్దగైనంక పెద్దది కొంటలే," అన్నాను.