అర బిందె

కొండమీది కాలనీకి నీళ్ళ పైపు ఎక్కలేదు గానీ, గుండెలు చూసే కొళాయి మాత్రం కొండ కింద వీధి మొదట్లోకి వచ్చేసింది. పిడి పట్టుకోగానే అది గుండెను చూస్తుంది. జబ్బుతో గుండె కండ గట్టిపడినవాళ్ళు బరువు మోయకూడదని అర బిందెతోనే ఆగిపోతుంది.

మొదటిరోజే హేమలత ముందున్న ముసలివాళ్ళలో చాలామందికి అది సగంలో ఆగింది. "అప్పుడే పాడైపోయిందే ఈ దిక్కుమాలిన కొళాయి!" అని అందరూ దాన్ని తిట్టిపోశారు. కొత్తగా కాపురానికొచ్చిన కోడలుపిల్ల పట్టుకుంటే మాత్రం బిందె నిండి పొర్లింది. అప్పుడు తిట్టినవాళ్ళే తమ గుండెల మీద చెయ్యేసి చూసుకున్నారు.

హేమలతకూ సగంలోనే ఆగింది. ఇన్నేళ్ళూ ఆమె కాళ్ళు వాస్తే వాతమన్నారు, మెట్లెక్కుతూ ఆయాసపడితే వయసన్నారు. గుండె చూసినవాడు లేడు. చూసింది ఆమె మొగుడు సురేంద్ర గుండెనే. అది గట్టిపడిందనీ, లక్షలో ఒక్కరికొచ్చే జబ్బనీ డాక్టరన్న మాటను బిరుదులా తగిలించుకుని, అప్పట్నుంచీ అతను చెంబుడు నీళ్ళు కూడా ముంచుకోలేదు.

"సగమే తెచ్చావేంటే? నా స్నానానికేవి?" ఆమె ఇంటికి రాగానే కుర్చీలోంచే అరిచాడు.

"కొళాయి అంతే ఇచ్చింది. నీ జబ్బే నాకూ ఉందంట."

"నీకా? అది లక్షలో ఒక్కడికొచ్చేదే!"

"ఎవరినీ చూడకుండా వేసిన లెక్క అది."

హేమలత ఇంకో ఖాళీ బిందె తీసి అతని ఒళ్ళో పడేసింది.

"నా సగం నేను తెచ్చుకున్నా, నీ సగం నువ్వు తెచ్చుకో. నువ్వు లక్షలో ఒకడివి కాదు, లైన్లో ఒకడివి. పోయి నిలబడు."