మొదటిది చూడు

నూట ఎనభై ఆరు ఎర్రర్లు.

లాప్‌టాప్ తెర నిండా ఎర్రటి గీతలు. పాస్‌వర్డ్‌లను భద్రంగా దాచే ఈ లైబ్రరీ ఎవరో బయటివాళ్లు రాసిన కోడ్. రేపు సాయంత్రం ఐదింటిలోగా దాన్ని తమ కంపెనీ ప్రోగ్రాంలో కలిపి నడిపించకపోతే స్రవంతి ఉద్యోగం ఉండదు.

కోరుట్లలో ఆ మేడమీది గదిలో ఆమె ఒక్కతే.

గుమ్మంలో మాత్రం, రోజూలాగే, కింది గది పోశవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"కింద గాలి రాదా అవ్వా?"

"అస్తది బిడ్డా. నీ టకటక సప్పుడు ఇనుకుంట సుడితె చెయ్యి ఆడుతది."

స్రవంతి చిట్టచివరి ఎర్రర్‌ను దిద్ది, ఇంకెన్ని మిగిలాయో చూద్దామని మళ్లీ కంపైల్ చేసింది.

రెండు వందల నాలుగు!

పోశవ్వ మెడ సాచింది. "కిందికెల్లి దిద్దుతున్నవేంది? మొదటిది జూడు. కడమయన్ని దాని పిల్లలే."

"బీడీలు సుట్టినట్టు గాదవ్వా ఇది! నా నౌకరి పోయేటట్టున్నది. జర నన్ను ఒక్కదాన్నే ఉండనియ్యి."

పోశవ్వ చాట ఎత్తుకుని కిందికి దిగింది.

తలుపు స్రవంతే వేసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఇంటి ఓనరు నర్సక్క పైకొచ్చింది.

"పోశవ్వ పొద్దుగాల్ల బస్సుకే వీర్నపల్లి పోయింది, చెల్లె కాడికి. ఇగ రాదట."

"ఊఁ," అంది స్రవంతి, తెర మీంచి చూపు తిప్పకుండా.

"కొడుకు సచ్చిపోయి నాలుగేండ్లాయె. చెల్లె ఎంత రమ్మన్నా కదల్లే. ఇయ్యాల ఏమనిపిచ్చెనో."

స్రవంతి వేళ్లు ఆగలేదు.

నాలుగున్నరకు ఇక దారి తోచక ఆ ఎర్రర్‌ను నెట్‌లో వెతికింది. ఐదేళ్ల కిందటి జవాబు ఒకటి దొరికింది.

'కింది నుంచి దిద్దకండి. మొదటిది చూడండి. మిగతావన్నీ దాని పిల్లలే. మీ సిస్టంలో లైబ్రరీ పాత వెర్షన్ ఉండిపోయింది. తీసేయండి.'

తీసేసింది.

ఒక్క ఎర్రర్ లేదు.

"అయిపోయిందవ్వా!" అంటూ తలెత్తింది.

గుమ్మంలో బీడీకని కత్తిరించిన తునికాకు ముక్క ఒకటి ఫ్యాన్ గాలికి కదులుతోంది.

కనీసం ఆ రాసినాయనకన్నా కృతజ్ఞత చెప్పుకుందామని జవాబు కింద పేరు చూసింది:

'పోశవ్వ కొడుకు, కోరుట్ల.'