సీటు పట్టుకున్న అన్న

ఉదయం ఏడింటికి వెల్డింగ్ షెడ్డు ముందు తమ్ముడు సైకిల్ దిగి, వంగి ఇనప పైపు అందుకున్నాడు.

పోయినేడు పంపకాల గొడవలో ఆ పైపుతోనే అన్న అతని నడుం విరగ్గొట్టాడు. డాక్టరు సైకిల్ తొక్కాలన్నాక, రోజూ సీటు పట్టుకుని వెనకే పరిగెత్తిందీ అన్నే.

“వంగావే! నొప్పి లేదుగా?” అన్నాడు అన్న.

“నీ ఒళ్లు హూనం చేసేంత బాగుంది.”

“అయితే కొట్టరా. అందుకేగా నీచేత సైకిల్ తొక్కించింది! మంచాన పడ్డవాడి చేత కొట్టించుకుంటే బాకీ చెల్లుతుందా?”

తమ్ముడు ఎత్తిన పైపు గాల్లో ఆగింది. ఇన్నాళ్లూ అన్న పోలీసు కేసుకి భయపడి పరిగెత్తాడనుకున్నాడు.

“వెనకాడతావేంరా? కానీ!”

తమ్ముడు ఒక్కటే దెబ్బ వేశాడు. అన్న భుజం ఎముక విరిగింది.

అన్నను క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రి దాకా తమ్ముడే తొక్కాడు. వంతెన ఎక్కేటప్పుడు కూడా దిగలేదు.