రెండో చుక్క

అనకాపల్లిలో ఇడ్లీబండి నడిపే వరహాలమ్మ చేతిలో ఉన్నది చిగురు ఫోను. ఆ రకం ఫోను లోకంలో ఇక ఇద్దరే వాడుతున్నారు. తెర మూలన రెండు చుక్కలుంటాయి. ఎవరు ఫోను తీస్తే వాళ్ళ చుక్క పచ్చగా వెలుగుతుంది. ఒకటి ఆమెది, తెల్లారగట్ట నాలుగింటికి పొయ్యి ముట్టించేటప్పుడు వెలుగుతుంది. రెండోది రోజూ మధ్యాహ్నం మూడింటికి. ఎవరిదో తెలియదు.

ఆ ఇద్దరూ తమవైపు వచ్చేస్తే మార్కెట్లో ఎనిమిదో స్థానం నుంచి ఏడో స్థానానికి ఎక్కుతామని, మొలక ఫోన్ల కంపెనీ మనిషి కొత్త ఫోను, వెండి కుంకుమభరిణె పట్టుకుని మూడోసారి వచ్చాడు.

"నానొచ్చేస్తే ఆ రెండో మనిసి ఫోను ఏటవుద్ది బాబూ?" ఇడ్లీరేకులకు నూనె రాస్తూ అడిగింది వరహాలమ్మ.

"ఆగిపోద్దమ్మా. ఒక్కరి కోసం ఎవరు నడుపుతారు?"

ఆమె భరిణె మూత తీసి చూసింది. మళ్ళీ మూసి అతని ముందుకు జరిపింది.

"రెండిడ్లీ తినేసి ఎల్లు."

అతను తిన్నాడు. చెయ్యి కడుక్కుని సంచీ సర్దుకుంటూ గొణిగాడు.

"నిన్న ఆ రెండో మనిషి దగ్గరా ఇంతేనమ్మా. టీ ఇచ్చి పంపేశారు."

వరహాలమ్మ చెయ్యి ఆగింది. "ఏటన్నారు?"

"రోజూ నాలుగింటికే లేచేది ఎవరని అడిగారు."