నాగవేణి పలక

పదకొండింటికి ట్రైనింగ్ కాలేజీ మేడమ్ వస్తుంది. ఆలోపు నాగవేణికి లెక్క వచ్చో రాదో టీచర్ ట్రైనింగ్‌లో ఉన్న జెస్సీ ఫారంలో తేల్చి రాయాలి. రాదని రాస్తే, జూన్‌లో ఆ పిల్లకు మడివాళ బడి రెండో తరగతిలో చోటుండదు.

చింతగింజలు పోసి అడిగింది. పూసలు పెట్టి అడిగింది. నాగవేణి నోరు విప్పలేదు.

పిల్ల చోటు వదిలి లేచినప్పుడల్లా కాగితం మీద ఒక గీత గీయాలని కాలేజీలో నేర్పారు. నాలుగు నిలువు గీతలయ్యాక ఐదోది అడ్డంగా. మొదట్లో నాగవేణి ఆరుసార్లు లేచింది. జెస్సీ గీతలు గీస్తుంటే వంగి చూసింది. ఆ తర్వాత పలక ముందేసుకుని కూర్చున్న పిల్ల మళ్ళీ కదల్లేదు.

జెస్సీకే కుదురు లేదు. బయట బస్సు ఆగిన చప్పుడైతే చాలు, మేడమేమోనని వాకిలి దాకా వెళ్ళి చూసి వచ్చేది.

పదకొండు కావస్తోంది. ఇక లాభం లేదని ఫారం నింపేసింది: "ఐదు వరకు కూడా లెక్క రాదు."

అప్పుడు పలక వైపు చూసింది. నాలుగు నిలువు గీతలు, ఒకటి అడ్డం. అలాంటి కట్టలు రెండు. పక్కన ఇంకో రెండు గీతలు.

"ఇవేంటి నాగవేణీ?"

"నువ్వు వాకిలి కాడికి పోయినావు గదక్కా. పన్నెండు తూర్లు."

జెస్సీ ఫారం చింపేసి, ఆఫీసులో కొత్తది అడుగుదామని గబగబా లేచి నడిచింది.

వాకిలి దగ్గరికి చేరిందో లేదో, వెనక బలపం గీసిన చప్పుడు.

"పదమూడు."